బాట వదిలి కొండ అడవిలోకి: మీ ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. గుర్తులు పెట్టిన ట్రైల్స్ మీద నడిచి అలవాటైనవాళ్ళు, ఇక బాటే లేని కొండ అడవిలోకి బ్యాగ్ వేసుకుని వెళ్ళి రెండు మూడు రోజులు తిరిగి రావాలనుకుంటున్నారు. చాలా మంచి కోరిక, నాకు అన్నిటికంటే ఇష్టమైన నడక కూడా ఇదే, అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా. ఒకేలాంటి ప్రశ్నలు చాలా వచ్చాయి, వాటిని కలిపి ఒకటిగా రాశాను.

ప్రశ్న: మేం ముగ్గురం ఫ్రెండ్స్ అండి. ట్రైల్ మీద అయితే బ్యాగులతో సహా రోజుకి 15 కిలోమీటర్లు ఈజీగా నడుస్తాం. ఇప్పుడు ఒక కొండ మీంచి పక్క కొండకి, మధ్యలో అసలు దారే లేని అడవి గుండా వెళ్దామని ప్లాన్. మ్యాప్‌లో చూస్తే 9 కిలోమీటర్లే ఉంది. ఒక్క రోజులో అయిపోతుంది కదా?

జవాబు: అవ్వదండి. అవ్వదనే అనుకుని ప్లాన్ వేసుకోండి. కొండ నడకకి టైమ్ లెక్క కట్టడానికి 1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నెయిస్మిత్ ఒక సూత్రం చెప్పాడు, ఇప్పటికీ చాలామంది అదే వాడతారు, 5 కిలోమీటర్లకి ఒక గంట, దాని మీద ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. కానీ అది కాలి కింద నేల బాగున్నప్పటి లెక్క. దట్టమైన అడవిలో తుప్పలు తప్పించుకుంటూ, పడిపోయిన మానులు ఎక్కి దిగుతూ, నాచు పట్టిన బండల మీద అడుగు చూసుకుని వేస్తూ వెళ్తే గంటకి ఒక కిలోమీటర్ రావడం కూడా బాగా నడిచినట్టే. గాలివానకి చెట్లు కూలి ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడున్న చోట్లయితే గంటకి అర కిలోమీటర్ కూడా పడదు. పైగా మ్యాప్ మీద మీరు చూసిన 9 అనేది గీత గీసినట్టు తిన్నగా, నేల మీద ఎవరూ అలా తిన్నగా నడవలేరు, ఇక్కడో బండరాతి గోడ అక్కడో చిత్తడి, చుట్టూ తిరిగి తిరిగి అది 12, 13 అవుతుంది. అంటే మీది రెండు రోజుల నడక, మధ్యలో ఒక రాత్రి ఎక్కడ ఆగుతారో ముందే రెండు మూడు చోట్లు మ్యాప్ మీద చూసి పెట్టుకోవాలి.

ఇంకో మాట, మొదటిసారే ఇంత పెద్దది వద్దు. నాలుగు పక్కలా హద్దులున్న చిన్న అడవి ముక్క ఎంచుకోండి, ఒక పక్క రోడ్డు, ఒక పక్క నది, ఇంకో పక్క తెలిసిన ట్రైల్, అలా అన్నమాట. అందులో ఎటు పోయినా కాసేపటికి ఏదో ఒక గీత తగులుతుంది. ఒక పూట అక్కడ మ్యాప్, కంపాస్‌తో తిరిగితే మీ ముగ్గురి అసలు స్పీడ్ ఎంతో మీకే తెలుస్తుంది, ఆ తర్వాత పెద్ద ప్లాన్లకి ఆ అంకె వాడుకోండి, నేను చెప్పిన అంకె కాదు. బయల్దేరే ముందే వెనక్కి తిరగాల్సిన టైమ్ కూడా పెట్టేసుకోండి. మధ్యాహ్నం ఇన్నింటికి ఎక్కడున్నా సరే తిరిగేయాలి, లేదా క్యాంప్ వేసేయాలి, అప్పుడు మళ్ళీ చర్చ పెట్టకూడదు, ఎందుకంటే అలసిపోయిన ముగ్గురు చర్చిస్తే ఇంకొంచెం దూరమే కదా అనే మాటే గెలుస్తుంది.

వెళ్ళే ముందు ఆ అడవిని చూసుకునే ఆఫీసులో అడగడం మర్చిపోవద్దు. చాలా రక్షిత అడవుల్లో బాట దిగడమే నిషేధం, కొన్నిచోట్ల పక్షులు గూళ్ళు పెట్టే కాలంలో మాత్రం నిషేధం. వద్దన్నచోట వెళ్ళకండి, అంతే.

ప్రశ్న: ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్స్ ఉన్నాయి, జీపీఎస్‌కి సిగ్నల్ కూడా అక్కర్లేదు, పవర్ బ్యాంక్ ఉంది. ఇంకా కాగితం మ్యాప్, కంపాస్ ఎందుకు మోయాలి? మా గ్రూప్‌లో దీని మీద పెద్ద గొడవే అవుతోంది.

జవాబు: ఫోన్ పనికిరాదని చెప్పే రకం కాదు నేను. జీపీఎస్‌కి మొబైల్ టవర్ అక్కర్లేదన్నది నిజం, అది ఉపగ్రహాల సిగ్నల్ నేరుగా అందుకుంటుంది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో కూడా మీరెక్కడున్నారో చూపిస్తుంది, బ్యాటరీ కూడా చాలాసేపు వస్తుంది. నేనూ తీసుకెళ్తాను. కాకపోతే ఒత్తైన చెట్ల కింద, రెండు కొండల మధ్య ఇరుకు లోయలో ఆ సిగ్నల్ బండలకీ మానులకీ తగిలి వంకరగా వస్తుంది, అప్పుడు మీ చుక్క పదుల మీటర్లు పక్కకి జరిగిపోతుంది. వాగుకి ఈ పక్కనున్నారా ఆ పక్కనున్నారా అన్నది తేల్చాల్సిన చోట అంత తేడా చాలా ఎక్కువ. తడి వేళ్ళకి స్క్రీన్ పలకదు, చలికి బ్యాటరీ ఉన్నట్టుండి పడిపోతుంది, బండ మీద పడితే పగులుతుంది, ఇవన్నీ మీకు తెలిసినవే.

అసలు కారణం అది కాదు. ఫోన్ మీరు ఎక్కడున్నారో చెప్తుంది, మీకూ మీరు చేరాల్సిన చోటికీ మధ్య ఏముందో ఆ చిన్న స్క్రీన్ మీద సరిగ్గా కనపడదు. బాట లేనప్పుడు దారి మీరే తయారు చేసుకోవాలి కదా, దానికి నేల మొత్తం ఒక్కసారి కళ్ళ ముందు పరుచుకుని ఉండాలి. కాంటూర్ గీతలు, అంటే ఒకే ఎత్తులో ఉన్న చోట్లని కలుపుతూ మ్యాప్ మీద గీసే గీతలు, చదవడం వస్తే ఆ కాగితంలోనే కొండ లేచి నిలబడినట్టు కనిపిస్తుంది. గీతలు దగ్గరదగ్గరగా ఉంటే నిటారు వాలు, దూరంగా ఉంటే చదును. గీతలు వి ఆకారంలో వంగి, ఆ మొన ఎత్తు వైపు చూస్తే అది వాగు లోయ, పల్లం వైపు చూస్తే అది కొండ గట్టు. ఒక్క జాగ్రత్త, గీతకీ గీతకీ మధ్య 20 మీటర్ల ఎత్తు తేడా ఉన్న మ్యాప్‌లో 15 మీటర్ల రాతి గోడ అసలు కనపడకుండా పోవచ్చు. మనిషి దిగలేనంత గోడ అది. అందుకే గీతలు బాగా దగ్గరపడ్డ చోటికి దిగే ప్లాన్ వేయొద్దు, మ్యాప్ మీద పోతుందనిపించినా సరే.

అడవిలో తిన్నగా నడవగలం అనే నమ్మకం కూడా వదిలేయాలి. 2009లో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రవేత్త యాన్ సౌమన్, ఆయన తోటివాళ్ళు కలిసి మనుషుల్ని ఒక పెద్ద చదును అడవిలో వదిలి తిన్నగా నడవమన్నారు, జీపీఎస్‌తో వాళ్ళ దారి రికార్డ్ చేశారు. ఎండ కనపడ్డంతసేపూ దాదాపు తిన్నగానే నడిచారు, మబ్బు కమ్మినప్పుడు మాత్రం గుండ్రంగా తిరిగి, తాము నడిచిన దారినే మళ్ళీ దాటారు, ఆ సంగతి వాళ్ళకి తెలియనే లేదు. కాళ్ళ పొడవులో తేడా వల్ల అలా జరుగుతుందని చాలామంది అనుకుంటారు, వీళ్ళ ఫలితాల్లో అది నిలబడలేదు. తిన్నగా అంటే ఎటు అనే అంచనాలో చిన్న చిన్న తప్పులు ఒకదాని మీద ఒకటి చేరి మనిషిని తిప్పేస్తాయి. సూర్యుడో, దూరాన శిఖరమో, కంపాసో ఏదో ఒకటి బయటి నుంచి సరిచేస్తూ ఉండాలి. ఒత్తైన అడవిలో మొదటి రెండూ ఉండవు, ఇక మిగిలేది మూడోదే.

కంపాస్ వాడేటప్పుడు రెండు సంగతులు గుర్తుంచుకోండి. ముల్లు చూపించే ఉత్తరం, మ్యాప్ మీది ఉత్తరం ఒకటి కావు, ఆ తేడా చోటుని బట్టి మారుతుంది, సాధారణంగా మ్యాప్ అంచున రాసి ఉంటుంది, పాత మ్యాప్ అయితే ఇప్పటి అంకె చూసుకోండి. కొన్నిచోట్ల అది 10 డిగ్రీలు దాటుతుంది, పట్టించుకోకుండా నడిస్తే ఒక్క కిలోమీటర్‌కే 175 మీటర్లు పక్కకి పోతారు. రెండోది, ముల్లు వైపే చూస్తూ నడవకండి. ఆ దిక్కులో కనిపించే ఒక గుర్తున్న చెట్టు ఎంచుకోండి, దాని దగ్గరికి మీకు వీలైన దారిలో వెళ్ళండి, అక్కడ నిలబడి మళ్ళీ ఇంకో చెట్టు.

ఇక కొండల్లో కంపాస్ కంటే ఎక్కువ పని చేసేది నేల ఆకారమే. ఒక గట్టునో వాగునో చేయిపట్టుకున్నట్టు పక్కన పెట్టుకుని వెళ్ళండి, అది ఉన్నంతసేపూ దిక్కు గురించి బెంగ ఉండదు. మీరు ఆగాల్సిన చోటు దాటిపోతే తప్పకుండా తగిలే గీత ఒకటి, అంటే రోడ్డో నదో పెద్ద గట్టో, ముందే చూసి పెట్టుకోండి, అది తగిలిందంటే దాటొచ్చేశామని అర్థం. వాగు మీద ఒక వంతెన దగ్గరికి చేరాలనుకోండి, సూటిగా వంతెనకి గురిపెట్టొద్దు, కావాలనే కొంచెం ఎడమకి గురిపెట్టండి, వాగు తగలగానే కుడికి తిరగాలని ముందే తెలిసి ఉంటుంది. సూటిగా గురిపెట్టి వంతెన కనపడకపోతే మాత్రం ఎటు తిరగాలో తెలియదు, అక్కడే చాలామంది గంటలు గంటలు పోగొట్టుకుంటారు.

దీనికి తోడు చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. గట్టు పట్టుకుని ఎక్కేటప్పుడు గట్లన్నీ పైకి వచ్చి శిఖరం దగ్గర కలుస్తాయి, కాబట్టి ఎక్కడ మొదలెట్టినా పైకే చేరతారు. దిగేటప్పుడు అదే గట్టు రెండుగా నాలుగుగా చీలుతుంది, పొగమంచులోనో చెట్ల గుబురులోనో ఒక్క చీలిక దగ్గర తప్పు కొమ్మ పట్టుకుంటే పూర్తిగా వేరే లోయలో తేలతారు. అందుకే ఎక్కేటప్పుడు ప్రతి చీలిక దగ్గరా ఆగి వెనక్కి తిరిగి చూడండి, దిగేటప్పుడు అది ఎలా కనిపిస్తుందో ఫోటో తీసి పెట్టుకోండి. దిగేటప్పుడు కంపాస్ ఇంకా ఎక్కువసార్లు తీయండి, అలిసిపోయి ఉంటారు కాబట్టి అప్పుడే చూడబుద్ధి కాదు.

మీ గొడవకి నా తీర్పు, ఒకరి దగ్గర ఫోన్, ఇంకొకరి దగ్గర మ్యాప్, కంపాస్, మధ్యమధ్యలో ఇద్దరూ విడివిడిగా మనం ఇక్కడున్నాం అని వేలు పెట్టి చూపించాలి. రెండూ కలవకపోతే అక్కడే కూర్చుని తేల్చుకోవాలి, నడుస్తూ కాదు.

ప్రశ్న: బాట లేని చోటికి వెళ్తున్నాం కదా, తిరిగొచ్చేటప్పుడు దారి తెలియడానికి చెట్లకి రంగు రిబ్బన్లు కట్టుకుంటూ వెళ్ళొచ్చా? కొమ్మలు నరికి గుర్తు పెట్టుకోవడం ఎలా ఉంటుంది?

జవాబు: నరకడం వద్దు, పెయింట్ వద్దు, రాళ్ళు పేర్చడం కూడా వద్దు. రిబ్బన్ కడితే వచ్చేటప్పుడు ఒక్కటి కూడా వదలకుండా విప్పుకు రావాలి, అంటే వచ్చిన దారినే తిరిగి వెళ్ళేవాళ్ళకే అది పనికొస్తుంది. మీరు వదిలేసిన గుర్తు చూసి వెనకాల వచ్చినవాళ్ళు అదే దారి అనుకుంటారు, నలుగురు నడిస్తే అది బాటైపోతుంది. అమెరికాలో అడిరాండాక్ కొండల్లో 46 ఎత్తైన శిఖరాలున్నాయి, వాటన్నిటినీ మార్షల్ అన్నదమ్ములు, వాళ్ళ గైడ్ హెర్బర్ట్ క్లార్క్ 1918లో మొదలెట్టి 1925కి ఎక్కేశారు, అప్పట్లో వాటిలో చాలావాటికి దారే లేదు. తర్వాత తర్వాత వాళ్ళలాగే ఎక్కాలని వచ్చినవాళ్ళ అడుగులకే ఆ శిఖరాల మీద బాటలు పడ్డాయి. బాట లేని చోటు బాట లేకుండానే మిగలాలంటే మెత్తటి నాచు, చిన్న మొక్కలు ఉన్నచోట ఒకరి వెనక ఒకరు కాకుండా విడివిడిగా పరుచుకుని నడవండి, బండలు, గులకరాళ్ళు, ఎండుటాకులు ఉన్నచోట పర్లేదు. గుర్తులు కావాలంటే ఫోన్ మ్యాప్‌లో పెట్టుకోండి, చెట్టుకి కాదు.

ప్రశ్న: అడవిలో దారి తప్పితే నీళ్ళు పారే వైపు దిగుతూ పోతే ఎక్కడో ఒకచోట మనుషులు కనిపిస్తారని మా తాతయ్య ఎప్పుడూ చెప్పేవారు. ఇది నిజమేనా? అసలు తప్పిపోయామని తెలిసిన నిమిషంలో ఏం చేయాలి?

జవాబు: చదును నేలల్లో మీ తాతయ్యగారి మాట చాలాసార్లు నిజమవుతుంది. కొండ అడవిలో మాత్రం ఆ మాట పట్టుకుని వెళ్ళొద్దని గట్టిగా చెప్తున్నా. కొండవాగు నీళ్ళు మనిషి దిగలేని చోట్ల కూడా దూకుతాయి. కాసేపు బాగానే దిగుతారు, రెండు పక్కలా వాలు నిటారుగా అయిపోతుంది, చిన్న జలపాతం వస్తుంది, వేళ్ళు పట్టుకుని ఎలాగో జారి దిగుతారు, దాని కింద ఇంకోటి వస్తుంది, అది దిగలేరు, మొదటిది మళ్ళీ ఎక్కలేరు. పైగా లోయ అడుగున నీళ్ళ హోరుకి మీ ఈల ఎవరికీ వినపడదు, ఉపగ్రహ సిగ్నల్ అందదు, పైనుంచి వెతికేవాళ్ళకి కనపడరు, తడి, చలి. చిక్కుకోకూడని చోటు అదే.

ఎక్కడున్నామో తెలియట్లేదే అన్న అనుమానం రాగానే ఆగిపోండి. నిజంగా కూర్చోండి, బ్యాగ్ దించి. నీళ్ళు తాగండి, ఏదైనా తినండి, పావుగంట లేవకండి. దారి తప్పినవాళ్ళు సాధారణంగా చేసే పని నడక వేగం పెంచడం, దానివల్ల చివరిగా తెలిసిన చోటు నుంచి ఇంకా దూరం అయిపోతారు. గుండె కుదుటపడ్డాక మ్యాప్ తీసి, చివరిసారి ఇక్కడున్నాం అని గట్టిగా చెప్పగలిగిన చోటు గుర్తుపట్టండి, అప్పటి నుంచి ఎంతసేపు నడిచారు, ఎక్కుతూనా దిగుతూనా, వాగు దాటారా, ఎండ ఏ పక్క పడింది, ఇవి కలిపితే ఎంత మేర లోపల ఉన్నారో ఒక వలయం గీయొచ్చు, అరగంట నడకే అయితే ఆ వలయం చాలా చిన్నది. నేను ప్రతి చిన్న మజిలీ దగ్గరా టైమ్ రాసుకోమని ఊరికే చెప్పను, ఇలాంటప్పుడు అదొక్కటే దిక్కు. వచ్చిన జాడ స్పష్టంగా గుర్తుంటే మాత్రమే ఆ చోటికి వెనక్కి వెళ్ళండి. కూర్చున్న చోట ఏదో ఒక గుర్తు పెట్టి, అది కనిపించేంత దూరం వరకే నాలుగు దిక్కులా వెళ్ళి చూసి రండి. అప్పటికీ తేలకపోతే, పొద్దు వాలుతుంటే, ఇక కదలొద్దు. రాత్రిపూట బాట లేని వాలు మీద నడవడం దారి తప్పడం కంటే పెద్ద ప్రమాదం.

ఉన్నచోట ఉండటం అంటే దాక్కుని ఉండటం కాదు. 2013లో అమెరికాలో అపలాచియన్ ట్రైల్ మీద ఒంటరిగా నడుస్తున్న ఒక పెద్దావిడ మెయిన్ రాష్ట్రంలో కాలకృత్యాలకని బాట దిగి అడవిలోకి వెళ్ళి, మళ్ళీ బాట దొరక్క తప్పిపోయారు. ఫోన్ నుంచి పంపిన మెసేజ్‌లు ఒక్కటీ వెళ్ళలేదు. చాలామంది వెతికినా దొరకలేదు, 2015లో ఆవిడ అవశేషాలు, టెంట్, డైరీ దొరికాయి, తప్పిపోయాక కనీసం 26 రోజులు బతికున్నారని ఆ డైరీ వల్ల తెలిసింది. ఇది రాయడం నాకు కష్టంగానే ఉంది కానీ రాయాలి, ఎందుకంటే గుర్తులున్న బాట నుంచి పక్కకి వెళ్ళిన కాసేపట్లోనే ఇలా జరిగింది. ఒత్తైన చెట్ల కింద టెంట్ పైనుంచి కనపడదు, పక్క నుంచి కూడా ఎక్కువ దూరం కనపడదు. కాబట్టి ఆగేది దగ్గర్లోనే చెట్లు పల్చబడిన చోట, బండ మీద, గట్టు మీద, మెరిసే రంగు బట్ట ఏదైనా ఉంటే పరిచి.

ఈల మెడలోనే ఉండాలి, బ్యాగ్ అడుగున కాదు. అరుపు కంటే అది చాలా దూరం పోతుంది, గొంతు కూడా పోదు. ఆల్ప్స్ పర్వతాల్లో 1894 నుంచి వాడుతున్న పద్ధతి, ఒక నిమిషంలో ఆరుసార్లు ఊది ఒక నిమిషం ఆగి మళ్ళీ ఆరుసార్లు, విన్నవాళ్ళు నిమిషానికి మూడుసార్లు ఊది జవాబిస్తారు. ఉత్తర అమెరికాలో మూడుసార్లు ఊదడమే ఆపద గుర్తు. వెళ్ళేచోట ఏది వాడతారో తెలుసుకుని వెళ్ళండి, ఏదైనా ఒకే లెక్కన ఊదుతూ ఉండటం ముఖ్యం. రాత్రిపూట టార్చ్‌తో కూడా ఇదే.

ఆపద బీకన్ ఒకటి గ్రూప్‌కి ఉండాలనే అంటాను. 406 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే చిన్న బీకన్ నొక్కితే కోస్పస్-సర్సాట్ అనే అంతర్జాతీయ ఉపగ్రహ వ్యవస్థ ద్వారా రెస్క్యూ వాళ్ళకి కబురు వెళ్తుంది, 1982 నుంచి ఈ వ్యవస్థ మనుషుల్ని కాపాడుతూనే ఉంది. ఆకాశం కనిపించే చోట పెట్టి నొక్కాలి, కొన్నాక రిజిస్టర్ చేయించాలి. కొన్ని దేశాల్లో ఉపగ్రహ పరికరాలకి లైసెన్స్ కావాలి, అది ముందే కనుక్కోండి. ఇవేవీ లేకపోయినా, మీరు ఏ లోయలోంచి ఏ గట్టు మీదికి ఎలా వెళ్తారో, ఏ రోజు ఎన్నింటికల్లా ఫోన్ చేస్తారో, చేయకపోతే ఎవరికి చెప్పాలో రాసిన కాగితం ఇంట్లో ఒకరి చేతిలో పెట్టి వెళ్ళండి. వెతికేవాళ్ళకి అడవి మొత్తం కాకుండా ఒక్క లోయ చాలు. ఆ కాగితంలో లేని దారి మధ్యలో బాగుందని పట్టుకోవద్దు.

ప్రశ్న: నా బ్యాగ్ 65 లీటర్లు. బయట మ్యాట్, మగ్, చెప్పులు అన్నీ వేలాడదీస్తాను, ట్రైల్ మీద ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. అడవిలో ఏం మార్చాలి?

జవాబు: బయట వేలాడేది ఏదీ ఉండకూడదు, అదే మొదటి మార్పు. తుప్పల్లో ప్రతి కొమ్మా దాన్ని పట్టుకుని లాగుతుంది, ఎప్పుడు ఊడిపోయిందో కూడా తెలియదు, ఫోమ్ మ్యాట్ అయితే ముక్కలు ముక్కలుగా అడవిలోనే రాలిపోతుంది. బ్యాగ్ మీ భుజాల వెడల్పు దాటకుండా, తల కంటే ఎత్తు లేకుండా ఉండాలి, లేకపోతే వంగి దూరిన ప్రతిచోటా తగులుకుంటుంది. పక్కనుండే వల జేబులు చిరుగుతాయి, వాటిలో నీళ్ళ సీసా నమ్ముకోవద్దు. మానులెక్కి దిగేటప్పుడు ఒక్కో కిలో బరువూ తెలుస్తుంది కాబట్టి తగ్గించగలిగినంత తగ్గించండి, అయితే బాగా పల్చటి బట్టతో చేసిన తేలిక బ్యాగులు మాత్రం ముళ్ళలో నిలవవు.

బట్టలు నిండుగా, పొడుగు ప్యాంటు, పొడుగు చేతులు, గట్టి నేత. చేతులకి గ్లోవ్స్, చీలమండలకి గెయిటర్లు, అంటే బూటు మీంచి పిక్క దాకా చుట్టుకునే గట్టి బట్ట తొడుగులు. కళ్ళకి ప్లెయిన్ అద్దాలు పెట్టుకోండి, దీన్ని ఎవరూ సీరియస్‌గా తీసుకోరు, ముందు నడిచేవాళ్ళు వదిలిన కొమ్మ తిరిగొచ్చి వెనకాల వాళ్ళ కంట్లో కొడుతుంది, ఇద్దరి మధ్య కొమ్మ అందనంత దూరం ఉంచుకోండి. ట్రెకింగ్ పోల్స్ వాగుల దగ్గర, దిగుడులో బాగా ఉపయోగం, గుబురులో మాత్రం మడిచి లోపల పెట్టేయాలి. పోల్ పట్టీ మణికట్టుకి తగిలించుకోవద్దు, పోల్ బండల మధ్య ఇరుక్కుంటే చెయ్యి కూడా దాంతోపాటే పోతుంది.

ప్రశ్న: నేను ట్రైల్స్ మీద ఒంటరిగానే బ్యాక్‌ప్యాకింగ్ చేస్తాను. ఇప్పుడు బాట లేని చోటికి కూడా ఒంటరిగా వెళ్ళాలనుంది. ఆడపిల్లవి, వద్దు అంటున్నారు ఇంట్లో. మీరేమంటారు?

జవాబు: ఆడపిల్ల అన్న కారణం నేను ఒప్పుకోనమ్మా. ఒంటరి అన్న కారణం మాత్రం ఒప్పుకుంటాను, అది మగవాళ్ళకీ అంతే. ట్రైల్ మీద కాలు మెలిక పడితే కాసేపటికో, మర్నాటికో ఎవరో ఒకరు వస్తారు. బాట లేని చోట ఎవరూ రారు. అంతే తేడా, కానీ అది చాలా పెద్ద తేడా. ముందు తోడుతో వెళ్ళి, ఆ తోడు వెనకాల నడుస్తూ మాట్లాడకుండా ఉంటే రోజంతా దారి మొత్తం మీరే నడిపించండి. అలా రకరకాల నేలల మీద, మబ్బు రోజుల్లో కూడా తప్పకుండా రాగలుగుతున్నారంటే అప్పుడు ఒంటరిగా, చిన్న హద్దుల్లో, బీకన్‌తో, ఇంట్లో కాగితంతో మొదలెట్టండి. ఒంటరిగా ఉన్నప్పుడు దూకి దాటదామా అనిపించిన ప్రతిదాన్నీ చుట్టూ తిరిగి దాటండి. ఇంట్లోవాళ్ళకి ఆ బీకన్ ఎలా పనిచేస్తుందో, ఫోన్ రాకపోతే వాళ్ళేం చేయాలో కూర్చోబెట్టి చెప్పండి, చాలాసార్లు వాళ్ళ భయం ఏం చేయాలో తెలియకపోవడం వల్లే.

ప్రశ్న: రాత్రి టెంట్ ఎక్కడ వేయాలి, వాగు నీళ్ళు అలాగే తాగొచ్చా?

జవాబు: టెంట్ వేసే ముందు నేల కాదు, పైకి చూడండి. ఎండిపోయిన చెట్టు, విరిగి వేలాడుతున్న కొమ్మ, పుచ్చిపోయిన మాను, ఇవి మీద పడే దూరంలో ఉంటే ఎంత చదునుగా ఉన్నా ఆ చోటు వద్దు, గాలి లేని రాత్రి కూడా కొమ్మలు పడతాయి. తర్వాత వాగు నుంచి కనీసం 60 మీటర్ల దూరం. లోయ అడుగున రాత్రి చల్లగాలి దిగి పేరుకుంటుంది, నేల తడిగా ఉంటుంది, పైన వాన పడితే వాగు మీ దగ్గర చినుకు లేకుండానే పెరుగుతుంది. వాలులో కాస్త పైకి, గాలి తగలని చిన్న చదును దొరికితే అదే మంచిది. మలవిసర్జనకి కూడా నీళ్ళకి 60 మీటర్లు దూరంగా, 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు గుంట తీసి పూడ్చేయాలి.

నీళ్ళు ఎంత తేటగా ఉన్నా అలాగే తాగొద్దు. జియార్డియా లాంటి క్రిములు కంటికి కనపడవు, తాగిన వారం రెండు వారాలకి కడుపు పట్టుకుంటుంది, అప్పటికి ఆ వాగే కారణమని తట్టదు కూడా. సలసలా ఒక నిమిషం మరిగించండి, 2,000 మీటర్ల కంటే ఎత్తులో అయితే మూడు నిమిషాలు. ఫిల్టర్ వాడితే గడ్డకట్టే చలి రాత్రి దాన్ని స్లీపింగ్ బ్యాగ్‌లో మీతోపాటే పెట్టుకోండి, లోపల నీళ్ళు గడ్డకడితే సన్నటి గొట్టాలు పగిలిపోతాయి, పైకి ఏమీ తెలియదు.

ప్రశ్న: వాన వెలిశాక బయల్దేరితే సరిపోతుంది కదా, రెయిన్ కోటు బరువు ఎందుకు?

జవాబు: వాన ఆగినా తుప్పలు ఆగవండి. ఆకుల మీద నీళ్ళన్నీ నడుము దాకా, భుజాల దాకా మీ మీదే పడతాయి, గుబురులో అరగంట నడిస్తే వానలో నడిచినదానికంటే ఎక్కువ తడుస్తారు. తడి బట్ట ఒంటి వేడిని లాగేస్తుంది, నీళ్ళు గాలికంటే దాదాపు 25 రెట్లు త్వరగా వేడి తీసుకుపోతాయి, అందుకే గడ్డకట్టేంత చలి లేని రోజు కూడా మనిషి చలికి దెబ్బతింటాడు. పక్కనున్నవాళ్ళు మాట తడబడుతున్నా, అడుగు తడబడుతున్నా, చేతిలో వస్తువులు జారవిడుస్తున్నా, ఊరికే చిరాకు పడుతున్నా ఆగి పొడి బట్టలు తొడిగించండి, తినిపించండి, స్లీపింగ్ బ్యాగ్‌లో దూర్చండి. ఆ మనిషి నేను బానే ఉన్నా అంటారు, నమ్మొద్దు. నూలు బట్టలు ఇలాంటి చోట్లకి అసలు వద్దు, ఉన్నిగానీ సింథటిక్‌గానీ. రాత్రికి ఒక జత పొడి బట్టలు వాటర్‌ప్రూఫ్ సంచిలో ఉంటాయి, మధ్యాహ్నం ఎంత తడిసినా అవి తీయకూడదు, పైన చెప్పినట్టు ప్రాణం మీదికి వస్తే తప్ప.

ప్రశ్న: వాగు దాటేటప్పుడు బ్యాగ్ పట్టీలు బిగించుకోవాలా, వదులు చేసుకోవాలా?

జవాబు: నడుము పట్టీ, ఛాతీ పట్టీ రెండూ విప్పేయాలి, పడిపోతే బ్యాగ్ వదిలేసి లేవగలగాలి. బూట్లతోనే దాటండి, ఒట్టి కాళ్ళతో వద్దు. నీళ్ళు వచ్చే వైపు మొహం పెట్టి, పోల్ ఆన్చి, అడ్డంగా చిన్న అడుగులు. దాటే ముందు కింద వైపు ఏముందో చూడాలి, జలపాతమో, అడ్డం పడిన చెట్టో ఉంటే అక్కడ దాటొద్దు, ప్రవాహం మనిషిని ఆ కొమ్మల్లోకి తోసి అక్కడే నొక్కి పెడుతుంది. ఇరుకుగా ఉన్నచోటు కంటే వెడల్పుగా పాయలు పాయలుగా పారేచోటు మేలు, లోతు తక్కువ. వేగంగా పారే నీళ్ళు మోకాలు దాటితే ఆగిపోండి. మంచు కరిగి వచ్చే వాగైతే తెల్లవారుజామున తక్కువగా ఉంటుంది, వాన వాగైతే వాన తగ్గిన కొన్ని గంటలకి దిగుతుంది, క్యాంప్ వేసుకుని కూర్చోండి.

ప్రశ్న: పొదల్లో నడిచాక ఒంటి మీద పిడుదు పట్టుకుని ఉంది, అగ్గిపుల్లతో కాల్చాను, ఊడింది. ఇది సరైన పద్ధతేనా?

జవాబు: కాదండి, కాల్చడం, నూనె రాయడం రెండూ వద్దు. సన్న మొనల పట్టకారుతో (ట్వీజర్స్) చర్మానికి ఆనించి పట్టుకుని, మెలి తిప్పకుండా తిన్నగా పైకి లాగాలి, తర్వాత సబ్బుతో కడగాలి. రోజూ సాయంత్రం క్యాంప్‌లో చంకలు, గజ్జలు, మోకాళ్ళ వెనక, చెవుల వెనక, జుట్టులో ఒకరికొకరు చూసుకోండి. పట్టిన తేదీ రాసి పెట్టుకోండి, లైమ్ లాంటి జబ్బుల లక్షణాలు 3 నుంచి 30 రోజుల్లో బయటపడొచ్చు, ఆ లోపల జ్వరం వచ్చినా, కుట్టిన చోట ఎర్రటి మచ్చ పెరుగుతున్నా డాక్టర్ దగ్గరికి వెళ్ళి పిడుదు కుట్టిందని, ఏ అడవిలోనో, ఏ తేదీనో చెప్పండి.